నా ఫిర్యాదును యూనియన్ తన డిమాండ్‌గా చేసుకున్న తీరు: నా అనుభవం

నేను గేని. పార్సిళ్లు విడదీసి లారీలకెక్కించే ఒక పెద్ద గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను. పనిచోట నన్ను ఏడిపించిన విషయం యూనియన్ దాకా వెళ్లింది, అక్కడి నుంచి మా వేతన ఒప్పందంలో ఒక క్లాజు అయ్యింది. అది ఎలా జరిగిందో వివరంగా రాయమని చాలామంది అడిగారు. అలా అడిగినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్నారు. "యూనియన్‌కి చెబితే అసలు ఏమవుతుంది? అందరికీ తెలిసిపోతుందా? ఉద్యోగం ఉంటుందా?" అన్నవే వాళ్ల భయాలు. నావీ అవే. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మొదట్లో అంతా చిన్నచిన్నవే. నా నడకను వెక్కిరించడం, నేను లైన్‌లోకి రాగానే "మేడమ్ గారు వచ్చారు, దారివ్వండి" అనడం. ఆ తర్వాత మా షిఫ్ట్ వాట్సాప్ గ్రూప్‌లో నా ఫోటోకి చీర కట్టినట్టు మార్ఫ్ చేసి పెట్టారు. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. అందులో నాతో కలిసి టీ తాగేవాళ్లవి కూడా ఉన్నాయి. ఒకరోజు లాకర్ దగ్గరికి వెళ్తే తలుపు మీద నల్ల మార్కర్‌తో ఒక బూతు మాట రాసి ఉంది. పేపర్ నాప్కిన్ తడిపి రుద్దాను. అక్షరాలు చెరిగి మసక మరకగా మారాయి కానీ పూర్తిగా పోలేదు. దాని మీద స్టిక్కర్ అంటించుకున్నాను.

సూపర్‌వైజర్‌కి చెబితే, "సరదాకి అంటారయ్యా, నువ్వు మనసులో పెట్టుకోకు, కలిసిపో" అన్నాడు. ఆయన చెడ్డవాడని అనను. ఆయన దృష్టిలో షిఫ్ట్ అంటే గంటకి ఎన్ని పార్సిళ్లు కదిలాయన్నదే. కానీ ఆ సరదా వల్ల నేను బ్రేక్‌లో కూడా బాత్రూమ్‌లో దాక్కుని కూర్చునేవాణ్ని. పగలు నిద్ర పట్టేది కాదు. స్కానర్ చేతిలో ఉండగా పేర్లు కనబడకుండా కళ్లు మసకబారేవి. బరువులు కదిలే చోట అలాంటి మనిషి తనకే కాదు, పక్కవాడికీ ప్రమాదమే. ఈ మాట ఎందుకు అంటున్నానంటే, చాలామంది దీన్ని మనసు నొచ్చుకోవడం అనే చిన్న విషయంగా చూస్తారు. నాకైతే ఇది బెల్ట్‌కి గార్డు లేకపోవడం లాంటి భద్రతా సమస్యే.

యూనియన్‌లో నాకు పెద్ద పరిచయం లేదు. చందా కట్టేవాణ్ని, మీటింగ్‌లకి వెనక వరసలో కూర్చునేవాణ్ని, అంతే. మా షిఫ్ట్ ప్రతినిధి ఒక అక్క, ప్యాకింగ్ విభాగంలో చేస్తుంది. డ్యూటీ దిగాక ఆమె దగ్గరికెళ్లి, "అక్కా, ఒక విషయం చెప్పాలి. కానీ ఇది ఎక్కడికీ వెళ్లకూడదు" అన్నాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక అడిగిన మొదటి ప్రశ్న "నువ్వు గేవా?" అని కాదు. "ఈ సంగతి ఎవరెవరికి, ఎంతవరకు చెప్పమంటావు?" అని.

అక్కడే ఒక తెల్లకాగితం తీసుకుని రెండు వరసలు రాసింది. ఒకదాంట్లో తెలియాల్సినవాళ్లు: తను, యూనియన్ కార్యదర్శి, ఎంక్వైరీ చేసే ఆఫీసరు. రెండో దాంట్లో నేను ఒప్పుకోకుండా తెలియకూడనివాళ్లు: మా ఇంటివాళ్లు, మిగతా షిఫ్ట్‌లు, యూనియన్‌లో మిగతా కార్యవర్గం. కింద నా చేత సంతకం చేయించుకుని, ఒక కాపీ నాకిచ్చింది. మనిషి తన గురించి తనే చెప్పుకోవాలి కానీ వేరేవాళ్లు బయటపెట్టకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. సాయం చేద్దామనుకునేవాళ్లు కూడా తొందరపడి ఇక్కడే దెబ్బ తీస్తారు. "మావాడు గే, వాణ్ని కాపాడాలి" అని నలుగురిలో అంటే, ఏడిపించినవాళ్లు చేసిన పనే వీళ్లూ చేసినట్టు.

తర్వాత నా చేత ఒక నోటుబుక్ పెట్టించింది. తేదీ, టైము, స్థలం, ఎవరు ఏమన్నారు, ఉన్నది ఉన్నట్టు వాళ్ల మాటల్లోనే, దగ్గర ఎవరున్నారు, ఆ తర్వాత నేనేం చేశాను. "బాధ గురించి కూడా రాయి, కానీ వేరే వరసలో రాయి. జరిగింది, అనిపించింది రెండూ కలిపేస్తే ఎంక్వైరీలో జరిగింది కూడా అనిపించిందే అంటారు" అంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పంపినవాళ్ల నంబరు, తేదీ కనబడేలా తీయమంది. లాకర్ మీది స్టిక్కర్ ఒలిచి, కింద ఉన్న మరకకి కూడా ఫోటో తీయించింది.

ఫిర్యాదు రాసేటప్పుడు నాకు బాగా భారం దిగిన మాట ఒకటి చెప్పింది. నేను గేనా కాదా అన్నది ఆ కాగితంలో రాయనక్కర్లేదు. ఏడిపించారా లేదా అన్నదే తేలాలి. గే అనుకుని ఏడిపించినా, తెలిసి ఏడిపించినా తప్పు ఒకటే. నిజానికి ఇలాంటి వెక్కిరింపులు పడేవాళ్లలో గే కానివాళ్లూ ఉంటారు. కాస్త మెత్తగా మాట్లాడే మగవాడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆడపిల్ల, పెళ్లి ఊసెత్తని మనిషి ఎవరైనా కావచ్చు. నేను చివరికి నా గురించి రాసుకున్నాను, అది నా ఇష్టంతో రాసుకున్నది. రాయకపోయినా ఫిర్యాదు బలం తగ్గేది కాదు.

ఫిర్యాదు ఇచ్చాక మేనేజ్‌మెంట్ నుంచి వచ్చిన మొదటి స్పందన: నన్ను డే షిఫ్ట్‌కి మారుస్తామని. "నీ మంచికే" అన్నారు. నైట్ అలవెన్స్ పోతుంది, తెలిసిన పని పోతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఫిర్యాదు చేసినవాడే తప్పుకున్నాడని అందరూ చూస్తారు. అక్క అక్కడే వద్దని చెప్పి, ఎంక్వైరీ అయ్యేదాకా నన్నూ వాళ్లనూ వేర్వేరు లైన్లలో వేయాలని, కదిలించాల్సి వస్తే నన్ను కాకుండా వాళ్లనే కదిలించాలని రాతపూర్వకంగా అడిగింది. మీరు ఇలాంటి దారిలో ఉంటే ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బదిలీని దయగా చూపిస్తారు. ఒప్పుకుంటే మనకి మనమే శిక్ష వేసుకున్నట్టు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి జరిగింది. నన్ను ఏడిపించినవాళ్లలో ముఖ్యుడు కూడా యూనియన్ సభ్యుడే. అతను కూడా తనకి ప్రతినిధి కావాలని యూనియన్‌ని అడిగాడు. యూనియన్ ఇచ్చింది! ఆ రోజు నేను అక్కతో మాట్లాడలేదు. తర్వాత ఆమే కూర్చోబెట్టి చెప్పింది. మాకు వేర్వేరు ప్రతినిధులు ఉంటారు, ఒకరి కాగితాలు ఒకరికి చూపించరు. అతని ప్రతినిధి పని అతను చేసినదాన్ని వెనకేసుకురావడం కాదు. ఎంక్వైరీ పద్ధతిగా జరిగిందా, అతని మాట విన్నారా, శిక్ష తప్పుకి తగ్గట్టు ఉందా అని చూడటం. "రేపు నీ మీద ఎవరైనా అబద్ధపు ఫిర్యాదు పెడితే నీకూ ఇదే హక్కు" అంది. ఆ రోజు ఒప్పుకోలేకపోయినా, ఎంక్వైరీ అయ్యాక ఆ మాట విలువ తెలిసింది. అతని ప్రతినిధే అతనికి నచ్చజెప్పి, ఆ ఫోటో తనే పెట్టానని ఒప్పించాడు. పద్ధతిగా జరిగింది కాబట్టే తర్వాత ఆ తీర్పుని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

ఎంక్వైరీ గదిలో ఒక బల్ల, నీళ్ల సీసా, రికార్డు రాసే అమ్మాయి. అక్క నా పక్కన కూర్చుంది. నా బదులు మాట్లాడలేదు, మాట్లాడే అవసరం కూడా రాలేదు. ఒక్కచోట మాత్రం అడ్డుపడింది. ఎంక్వైరీ ఆఫీసరు "నీకు ఎవరైనా స్నేహితుడు ఉన్నాడా, పనిచోట ఎవరితోనైనా..." అని మొదలుపెట్టాడు. "సార్, ఆ ప్రశ్నకి ఫిర్యాదుతో సంబంధం ఏమిటో రికార్డులో రాయించండి, అప్పుడు జవాబు చెబుతాడు" అంది. ఆయన కాసేపు కాగితాలు తిప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్లాడు. ఒంటరిగా ఉంటే ఆ ప్రశ్నకి నేను ఏదో ఒకటి చెప్పేసేవాణ్ని, అది నాకు తెలుసు.

సాక్ష్యం చెప్పింది ఎవరో కాదు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక పెద్దాయన. నాతో స్నేహమేమీ లేదు. ఎదురుపడితే తలూపుతాడు, అంతే. లాకర్ మీద రాస్తుండగా చూశానని, చూసి ఊరుకోవడం తనకి సిగ్గుగా ఉందని చెప్పాడు. మిగతావాళ్లు "మేం వినలేదు" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. సాక్ష్యం చెప్పినవాడి మీద కక్ష తీర్చుకోకుండా కాపాడే రూలు అప్పటికి మా దగ్గర లేదు.

నన్ను ఏడిపించినవాళ్లలో ఇద్దరికి రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు. సూపర్‌వైజర్‌కి కూడా మెమో వెళ్లింది, ఫిర్యాదు విని కూడా పైకి పంపనందుకు. లాకర్ తలుపు మార్చారు. ఉద్యోగంలోంచి తీసేయమని నేను అడగలేదు. ఏడిపించడం ఆగాలన్నదే నా కోరిక, అది ఆగింది. ఈ విషయంలో నా అభిప్రాయానికీ వేరేవాళ్ల అభిప్రాయానికీ తేడా ఉండవచ్చు. చేయి చేసుకున్నప్పుడో, లైంగికంగా వేధించినప్పుడో హెచ్చరికతో సరిపెట్టుకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇక్కడితో నా కేసు ముగిసింది. కానీ అక్క ఊరుకోలేదు. "నీకు జరిగింది నీకు సర్దుబాటు అయ్యింది. రేపు వచ్చేవాడికి మళ్లీ మొదటి నుంచీ మొదలు. ఒప్పందంలో ఉండాలి" అంది. అప్పుడే కొత్త వేతన ఒప్పందానికి డిమాండ్లు తయారవుతున్నాయి. నా పేరు లేకుండా ఈ డిమాండ్‌ని జనరల్ బాడీ ముందు పెట్టారు.

ఆ మీటింగ్‌లో మొదట లేచిన గొంతు ఇలా అంది: "జీతాలు పెంచమని అడగడానికే నోరు రావట్లేదు, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? ఇది యూనియన్ పనా?" చప్పట్లు కూడా పడ్డాయి. ఆ ప్రశ్న నిజాయితీగా అడిగిందే. చాలామందికి ఉన్న సందేహమే. జవాబు చెప్పడానికి లేచింది ఆ ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయనే. ఆయన యూనియన్ చరిత్రలు బాగా చదువుతాడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన చెప్పింది ఇది: 1984లో బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికులు గనుల మూసివేతకి వ్యతిరేకంగా సమ్మెకి దిగారు. దాదాపు ఏడాది సాగిన సమ్మె. యూనియన్ నిధులు కోర్టు స్వాధీనంలోకి వెళ్లాయి, ఇళ్లలో పొయ్యి వెలగని పరిస్థితి. అప్పుడు లండన్‌లో మార్క్ ఆష్టన్, మైక్ జాక్సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టి, గేలు, లెస్బియన్లు కలిసి ఒక బృందంగా ఏర్పడి బకెట్లు పట్టుకుని గని కార్మికుల కోసం చందాలు పోగుచేశారు. సౌత్ వేల్స్‌లోని డులైస్ లోయలో ఉన్న కుటుంబాలకి ఆ డబ్బు చేరవేశారు. సమ్మె 1985 మార్చిలో ఓడిపోయింది. కానీ ఆ ఏడాది గేలు, లెస్బియన్లు తమ హక్కుల కోసం చేసే లండన్ ప్రైడ్ ఊరేగింపుకి గని కార్మికులు తమ బ్యానర్లతో వచ్చి ముందు నడిచారు. అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభలో గే, లెస్బియన్ హక్కుల తీర్మానం నెగ్గడానికి గని కార్మికుల యూనియన్ ఓట్లు తోడయ్యాయి. పెద్దాయన ఇదంతా చెప్పి, "మన సమ్మెలో మనకి అన్నం పెట్టడానికి ఎవరొస్తారో ముందే తెలియదు. వాళ్లని ఇవాళ మన లాకర్ల దగ్గరే తరిమేస్తే రేపు ఎవరూ రారు" అన్నాడు.

ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు, నాకు అది ఇంకా ఎక్కువ నచ్చింది. 1973లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ యూనివర్సిటీలో చదువుకునే ఒక కుర్రాణ్ని గే అన్న కారణంతో కాలేజీ హాస్టల్ నుంచి తీసేస్తే, జాక్ మండీ అనే నాయకుడి ఆధ్వర్యంలో పేరుపడ్డ భవన నిర్మాణ కార్మికుల యూనియన్ ఆ క్యాంపస్‌లో పని ఆపేసింది. ఇటుకలు మోసేవాళ్లు, కాంక్రీటు పోసేవాళ్లు ఒక చదువుకునే కుర్రాడి కోసం పనిముట్లు కింద పెట్టారు. ఆ కుర్రాడు వాళ్ల సభ్యుడు కూడా కాదు.

ఓటింగ్‌లో డిమాండ్ నెగ్గింది. ఏకగ్రీవంగా కాదు, అలా అని చెబితే అబద్ధమవుతుంది. చేతులెత్తనివాళ్లలో నాకు ఇష్టమైనవాళ్లు ఉన్నారు. అయినా నెగ్గింది.

ఆ తర్వాత క్లాజు రాసే చిన్న కమిటీలో నన్నూ వేశారు. అప్పటికి నేనే నా గురించి మీటింగ్‌లో చెప్పుకున్నాను కాబట్టి అభ్యంతరం లేదు. మేం ఆధారంగా తీసుకున్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం. పనిచోట హింస, వేధింపుల మీద వచ్చిన మొదటి అంతర్జాతీయ ఒప్పందం అది, 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మాకు పనికొచ్చిన విషయాలు రెండు. ఒక్కసారి జరిగినా వేధింపే, పదేపదే జరగాలని లేదు. రెండోది, పనిచోటు అంటే యంత్రం దగ్గర మాత్రమే కాదు. విశ్రాంతి గది, బట్టలు మార్చుకునే గది, పనికి సంబంధించిన ప్రయాణం, పని కోసం వాడే ఫోన్ సందేశాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. మా వాట్సాప్ గ్రూప్ "కంపెనీది కాదు" అని మేనేజ్‌మెంట్ అన్నప్పుడు ఈ వాక్యమే మా చేతికి అందిన ఆయుధం. షిఫ్ట్ మార్పులు, లైన్ కేటాయింపులు అన్నీ ఆ గ్రూప్‌లోనే వస్తాయి మరి.

అయితే ఆ ఒప్పందంలో లైంగికత, జెండర్ గుర్తింపు అని పేరు పెట్టి రాసి ఉండదు. చర్చల్లో దాని మీద దేశాల మధ్య గట్టి వ్యతిరేకత వచ్చి, "ఎక్కువ ప్రమాదంలో ఉండే వర్గాలు" అన్న అర్థం వచ్చే మాటతో సరిపెట్టారు. 1958 నాటి 111వ ఒప్పందం వివక్ష గురించి చెబుతూ జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం లాంటివి లెక్కపెట్టింది కానీ అందులోనూ ఇది లేదు. అందుకే మా ఒప్పందంలో పేరు పెట్టి రాయాలని పట్టుబట్టాం.

చర్చల బల్ల దగ్గర మేనేజ్‌మెంట్ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి పెన్సిల్‌తో మా ముసాయిదాలో "లైంగికత, జెండర్ గుర్తింపు" అన్న మాటల మీద సన్నగా గీత గీసి, పైన "ఏ విధమైన వివక్షా" అని రాసి మా వైపు జరిపారు. "ఇందులో అన్నీ వచ్చేస్తాయి కదా" అన్నారు. మా కార్యదర్శి రబ్బరు అడిగి తీసుకుని ఆ గీతని చెరిపేశారు. "అన్నీ వచ్చేస్తే ఇవి రాయడానికి మీకేం ఇబ్బంది?" అన్నారు. ఆ రోజు అక్కడే ఆగిపోయింది చర్చ. రెండు వైపులా చాలాసార్లు కూర్చున్నాక ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి.

క్లాజులో నిలిచినవి ఇంకా ఉన్నాయి. ఫిర్యాదు అందిన తర్వాత గడువులోగా ఎంక్వైరీ మొదలుపెట్టాలి. ఫిర్యాదు చేసినవాళ్లని వాళ్లు అడగకుండా షిఫ్ట్ మార్చకూడదు. సాక్ష్యం చెప్పినవాళ్ల మీద కక్ష సాధింపు కూడా వేధింపు కిందే లెక్క. అంగీకారం లేకుండా ఒకరి లైంగికత గురించి బయటపెట్టడం క్రమశిక్షణ చర్యకి తగిన తప్పు. ఫిర్యాదు విని ఊరుకున్న సూపర్‌వైజర్ కూడా బాధ్యుడే. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనది సాక్షులకి రక్షణ. "మేం వినలేదు" అన్నవాళ్లలో కొందరు ఆ తర్వాత నా దగ్గరికొచ్చి మాట్లాడారు.

ఒప్పందం సంతకమయ్యాక మా ప్యాకింగ్ విభాగంలో ఒక ట్రాన్స్ అమ్మాయి తన ఐడీ కార్డు మీద పాత పేరు మార్పించుకుంది. అంతకుముందు స్కానర్‌లో లాగిన్ అయిన ప్రతిసారీ పాత పేరు తెరమీద వచ్చేది, పక్కవాళ్లు దాన్నే గట్టిగా చదివేవాళ్లు. హెచ్ఆర్ "సిస్టమ్ ఒప్పుకోదు" అని తిప్పుతూ వచ్చింది. క్లాజు చూపించి అక్క అడిగాక సిస్టమ్ ఒప్పుకుంది. జీతం బ్యాంకు కాగితాలకి అధికారిక పేరే ఉంది, కానీ మనిషికి కనబడేచోట, పిలిచేచోట ఆమె పేరే ఉంటుంది. ఇప్పుడు ఆమె కూడా షిఫ్ట్ ప్రతినిధి.

మే 17న గేట్ దగ్గర కరపత్రాలు పంచుతాం. 1990లో అదే తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి తీసేసింది, అందుకే చాలా దేశాల్లో యూనియన్లు ఆ రోజుని పాటిస్తాయి. కొత్తగా చేరినవాళ్లకి భద్రతా శిక్షణలో ఒక గంట ఈ విషయానికి ఉంటుంది. శిక్షణ ఇచ్చేది బయటి నిపుణులు కాదు, మేమే. ఆ పెద్దాయన, నేను కలిసి చెబుతాం. కుర్రాళ్లు నాకన్నా ఆయన చెబితే ఎక్కువ శ్రద్ధగా వింటారు, దానికి నాకేం అభ్యంతరం లేదు.

సాధించలేకపోయింది ఒకటుంది. భార్యకో భర్తకో జబ్బు చేస్తే ఇచ్చే సంరక్షణ సెలవుని, చట్టప్రకారం పెళ్లి లేకపోయినా కలిసి బతికే జంటలకి కూడా ఇవ్వాలని అడిగాం. ఖర్చు పెరుగుతుందని ఒప్పుకోలేదు, వచ్చే ఒప్పందానికి వాయిదా పడింది. ఇది కొత్త కోరికేమీ కాదు. 1982లోనే న్యూయార్క్‌లోని విలేజ్ వాయిస్ పత్రిక ఉద్యోగుల యూనియన్ పెళ్లి కాని భాగస్వాములకి కూడా ఆరోగ్య సౌకర్యాలు ఒప్పందంలో రాయించుకుంది. అందుకే ఈసారి దాన్ని మా ఒక్క వర్గం కోసం అన్నట్టు కాకుండా రాస్తున్నాం. పెళ్లి కాకుండా కలిసి ఉండే ఆడ, మగ జంటలు, ముసలి తల్లితో ఉండే ఒంటరి మనిషి, అన్నని చూసుకునే చెల్లెలు, అందరూ దాని కిందకి వచ్చేలా. ఎవరి ఇంట్లో ఎవరిని చూసుకోవాల్సి వస్తోందో షిఫ్ట్‌ల వారీగా పేర్లు లేకుండా రాయించుకుంటున్నాం. నైట్ షిఫ్ట్ కాగితాలు నా దగ్గరున్నాయి, డే షిఫ్ట్‌వి ఇంకా రావాలి.